ఆ డబ్బా పేస్ట్ బోర్డుల మీద వాడొద్దు

సంపాదకులకు నమస్కారం.

చిన్న చిన్న ఎలక్ట్రానిక్ వస్తువులు ఇంట్లోనే ఎలా బాగుచేసుకోవచ్చో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. చాలావరకు బాగుంది. ప్లగ్ తీయకుండా లోపల చెయ్యి పెట్టకూడదని, ప్లగ్ తీశాక కూడా పెద్ద కెపాసిటర్లలో చార్జ్ మిగిలి ఉంటుందని గుర్తుచేశారు. సంతోషం. కానీ ఫ్లక్స్, అంటే పార్టులను బోర్డుకు అతికే సోల్డర్ లోహం బాగా పట్టుకోవడానికి రాసే పదార్థం, దాని దగ్గరికి వచ్చేసరికి ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఏ ఫ్లక్స్ అయినా ఒకటేనట, చవగ్గా దొరికే డబ్బా పేస్ట్ ఒకటి తెచ్చుకుంటే చాలట. నా ఉత్తరమంతా ఆ ఒక్క వాక్యం గురించే.

రిపేర్ పనే నా బతుకుదెరువు. రిమోట్లు, చార్జర్లు, యాంప్లిఫయర్లు, గోడ గడియారాలు, ఆటబొమ్మలు, అప్పుడప్పుడు వినికిడి యంత్రాలు నా బల్ల మీదికి వస్తుంటాయి. వాటిలో చాలా వాటి మీద అంతకుముందే ఎవరో ఒకరు చెయ్యి పెట్టి ఉంటారు. మూత తీయగానే ఆ పని ఏ పేస్ట్‌తో జరిగిందో కనిపిస్తుంది. జాయింట్ చుట్టూ జిడ్డు, దాని మీద దుమ్ము, కాళ్ళ మొదట్లో పచ్చటి చిలుము ఉన్నాయంటే డబ్బా పేస్ట్ వాడారన్నమాట. అసలు చెడిపోయిన పార్టు ఏదో ఒకటే అయి ఉంటుంది. ఆ పేస్ట్ దాని చుట్టుపక్కల ట్రాకులను (బోర్డు మీది సన్నటి రాగి గీతలను) కూడా తినేసి ఉంటుంది. మొదటి రిపేర్‌ను రిపేర్ చేయడానికే ఎక్కువ సమయం పడుతుంది.

ఫ్లక్స్ చేసే పని ఏమిటో ముందు నాలుగు మాటల్లో చెబుతాను. రాగి అయినా, తగరం అయినా గాలి తగిలితే పైన సన్నటి ఆక్సైడ్ పొర కడుతుంది. కరిగిన సోల్డర్ ఆ పొర మీద పరుచుకోదు, గుండులా ముడుచుకుంటుంది. ఫ్లక్స్ ఆ పొరను కరిగించి తీసేస్తుంది, సోల్డరింగ్ ఐరన్ వేడికి మళ్ళీ పొర కట్టకుండా కాసేపు గాలిని అడ్డుకుంటుంది. ఆక్సైడ్‌ను కరిగించాలంటే అందులో ఏదో ఒక ఆమ్లం ఉండాల్సిందే. కాబట్టి ఆమ్లం లేని ఫ్లక్స్ కావాలని వెతకడం దండగ. పని అయిపోయాక ఆ ఆమ్లం ఊరుకుంటుందా, ఊరుకోదా అన్నదే చూసుకోవాలి.

పసుపు పచ్చగా, గ్రీజులా ఉండే చవక డబ్బా పేస్టుల్లో చాలావాటికి మూలం పెట్రోలియం జెల్లీ. అందులో జింక్ క్లోరైడ్, అమోనియం క్లోరైడ్ లాంటివి కలుపుతారు. అమోనియం క్లోరైడ్ అంటే మనం నవాసాగరం అనేదే. గిన్నెలకు కళాయి పూయడానికి, రాగి పైపులు అతకడానికి, మందపాటి రేకుల పనికి అది అద్భుతంగా పనిచేస్తుంది. అక్కడ పని అయ్యాక నీళ్ళతో కడిగేస్తారు. పైగా కొంచెం తిన్నా తరిగిపోయేంత పల్చటి లోహం కాదు. బోర్డు మీద సంగతి వేరు. మామూలు పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మీద రాగి మందం 35 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో సుమారు ముప్పయ్యో వంతు. క్లోరైడ్ లవణాలకు గాలిలోని తేమ చాలు, మళ్ళీ పని మొదలుపెడతాయి. ఐరన్ పక్కన పెట్టేసినా, మూత బిగించేసినా, కస్టమర్ డబ్బులిచ్చి వెళ్ళిపోయినా లోపల ఆ పని సాగుతూనే ఉంటుంది. జిడ్డు వల్ల నీళ్ళతో కడిగినా ఆ లవణాలు పూర్తిగా పోవు.

అయినా దాన్నే ఎందుకు వాడతారంటే జాయింట్ బ్రహ్మాండంగా కూర్చుంటుంది కాబట్టి. ఎంత నల్లబడిన తీగ అయినా, ఎంత పాత ప్యాడ్ (పార్టు కాలు అతికే రాగి మచ్చ) అయినా సోల్డర్ ఇట్టే పట్టేస్తుంది, వెండిలా మెరుస్తుంది. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు ఆ మెరుపు చూసి పడిపోతారు. వ్యాసం రాసినవారు కూడా అక్కడే ఆగిపోయారేమో. ఫ్లక్స్ మంచిదో చెడ్డదో జాయింట్ వేసిన రోజున తెలియదు. వానాకాలం ఒకటి గడవాలి.

చిలుము కంటికి కనిపించకపోయినా నష్టం జరుగుతుంది. అదెలాగో ఒక లెక్క చెబుతాను. సీఆర్2032 అనే బటన్ సెల్‌లో సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్ల శక్తి ఉంటుంది. చిన్న గడియారం సర్క్యూట్ ఒకటి 3 మైక్రో ఆంపియర్లు మాత్రమే తీసుకుంటుందనుకుందాం. లెక్క ప్రకారం ఆ సెల్ ఎనిమిదేళ్ళు దాటి రావాలి. ఇప్పుడు సెల్ రెండు చివరల మధ్య తేమ పీల్చిన ఫ్లక్స్ మరక ఒకటి ఉంది, దాని నిరోధం 100 కిలో ఓమ్‌లు అనుకోండి. మూడు వోల్టుల దగ్గర ఆ మరక ఒక్కటే 30 మైక్రో ఆంపియర్లు తాగేస్తుంది. అంటే సర్క్యూట్ తీసుకునే దానికి పది రెట్లు. సెల్ తొమ్మిది నెలల్లో ఖాళీ. కస్టమర్ వచ్చి, సెల్ నకిలీది ఇచ్చావని మన మీద కేకలేస్తాడు. టచ్ బటన్లు, క్రిస్టల్ చుట్టుపక్కల భాగం, మైక్ ఇన్‌పుట్ లాంటి చోట్ల ఇంతకంటే తక్కువ లీకేజీకే తిక్క తిక్కగా ప్రవర్తిస్తాయి. అలాంటివి ఎండాకాలంలో బాగానే పనిచేస్తాయి, వాన పడగానే మొరాయిస్తాయి. మీటర్ పెట్టి వెతికితే ఒక్క పార్టూ చెడిపోయి ఉండదు.

మరి చవకగా, మంచిగా ఏది దొరుకుతుంది?

అసలు విడిగా ఫ్లక్స్ ఎంతవరకు కావాలో ముందు చూడాలి. ఎలక్ట్రానిక్స్‌కు అమ్మే సోల్డర్ తీగ మధ్యలో ఫ్లక్స్ ఉంటుంది. బరువులో రెండు శాతం అటూ ఇటూ. కొత్త పార్టు, కొత్త ప్యాడ్ అయితే ఆ మాత్రం చాలు. చాలామందికి అది ఎందుకు చాలడం లేదంటే, తీగను బిట్ (ఐరన్ మొన) మీద కరిగించి, ఆ బొట్టును జాయింట్ దాకా మోసుకెళ్తారు కాబట్టి. బిట్ 350 డిగ్రీల దగ్గర ఉంటుంది, తీగలోని ఫ్లక్స్ అక్కడే పొగైపోతుంది. బొట్టు జాయింట్‌కు చేరేసరికి అందులో ఫ్లక్స్ ఉండదు. సోల్డర్ ముద్దగా నిలబడుతుంది, తోకలు లాగుతుంది, డ్రై సోల్డర్ (సరిగ్గా అంటని జాయింట్) అవుతుంది. అప్పుడు పేస్ట్ డబ్బా వైపు చెయ్యి పోతుంది. బిట్‌ను ప్యాడ్‌కూ, పార్టు కాలికీ రెండింటికీ తగిలేలా ఆనించి, ఒక క్షణం ఆగి, తీగను బిట్‌కు కాకుండా జాయింట్‌కు అందించండి. సగం మందికి విడి ఫ్లక్స్ అవసరమే తీరిపోతుంది. ఇంతకంటే చవకైన ఫ్లక్స్ లేదు. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు ఈ అలవాటు పడేదాకా నేను ఫ్లక్స్ సీసా ఇవ్వను. తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

తీగ నాణ్యత కూడా చూడాలి. చాలాసార్లు తీగ తప్పుకు ఫ్లక్స్ మాట పడుతుంది. 60 శాతం తగరం, 40 శాతం సీసం ఉన్న తీగ 183 డిగ్రీల దగ్గర మెత్తబడి 190 లోపే పూర్తిగా కరుగుతుంది. 63–37 అయితే సరిగ్గా 183 దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది. తగరం ఖరీదైంది కనుక చవక తీగల్లో దాన్ని తగ్గించేస్తారు. 40 శాతానికి దిగితే పూర్తిగా కరగడానికి దాదాపు 238 డిగ్రీలు కావాలి. ఆ మధ్యలో అంతా గంజిలా ఉండిపోతుంది. జాయింట్ చల్లారేలోపు చెయ్యి కాస్త కదిలితే పగులు. దీనికి ఎంత ఫ్లక్స్ పూసినా ప్రయోజనం లేదు. కొన్ని తీగల్లో మధ్యలో బోలుగా ఉంటుంది తప్ప ఫ్లక్స్ ఉండదు. పదునైన బ్లేడుతో అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే తెలిసిపోతుంది. సీసం లేని తీగ వాడేవాళ్ళ సంగతి వేరు. తగరం, వెండి, రాగి కలిసిన ఎస్ఏసీ305 రకం 217 నుంచి 220 డిగ్రీల మధ్య కరుగుతుంది, అంత తేలిగ్గా పరుచుకోదు. వాళ్ళకు విడి ఫ్లక్స్ అవసరం ఎక్కువే.

విడి ఫ్లక్స్ తప్పనిసరి అయ్యేది రిపేర్ పనిలోనే. పాత జాయింట్ మళ్ళీ కరిగించాలన్నా, ఎక్కువ కాళ్ళున్న ఐసీ (చిప్) మార్చాలన్నా, రెండు కాళ్ళ మధ్య షార్ట్ తీయాలన్నా అక్కడ పాత ఫ్లక్స్ ఎప్పుడో కాలిపోయి ఉంటుంది. చేయి తిరిగిన వాళ్ళకైనా అక్కడ ఒక చుక్క కావాలి.

ఆ చుక్కకు నేను సిఫారసు చేసేది మామూలు రోజిన్. పైన్ చెట్టు జిగురు నుంచి టర్పెంటైన్ తీసేశాక మిగిలే గట్టి పదార్థం అది. తేనె రంగులో, గాజు ముక్కలా పెళుసుగా ఉంటుంది. అందులో ప్రధానంగా ఉండేది అబియెటిక్ ఆమ్లం, దాని దగ్గరి బంధువులు. దీని గొప్పతనం ఏమిటంటే వేడి తగిలి కరిగినప్పుడే ఆక్సైడ్‌ను తీస్తుంది, చల్లారి గట్టిపడితే నిద్రపోతుంది. మిగిలిన పొర కరెంటును పోనివ్వదు, నీళ్ళలో కరగదు. ఏ కారణం చేతనైనా తుడవడం కుదరకపోయినా, పైన వార్నిష్ పూసినట్టు ఉండిపోతుంది తప్ప రాగిని తినదు. ఇది అమాయకపు ఫ్లక్స్ అనే మాట నిజమే, బాగా తుప్పు పట్టినదాన్ని లొంగదీసుకోలేదు. అలాంటి చోట ముందు బ్లేడుతోనో, గాజు పీచు పెన్నుతోనో గీకి, మెరిసే లోహం కనిపించాక రోజిన్ వేయాలి. గీకడానికి బద్ధకించినవాళ్ళే ఆమ్లం డబ్బా తెరుస్తారు.

గడ్డగా అమ్మే రోజిన్ అన్నిటికంటే చవక. దాన్ని ద్రవంగా చేసుకోవడం కష్టమేమీ కాదు. రోజిన్ ముక్కలను మందపాటి సంచిలో వేసి నలగ్గొట్టి పొడి చేయాలి. 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు 25 గ్రాముల పొడి నా కొలత. మరీ చిన్న పార్టుల పనికి 15 గ్రాములు కూడా చాలు. గాజు సీసాలో పోసి, బిగుతుగా మూత పెట్టి, మధ్య మధ్యలో కదుపుతూ రాత్రంతా వదిలేస్తే కరుగుతుంది. తొందరపడి స్టవ్ మీద వేడి చేయొద్దు. ఈ ఆల్కహాల్ ఆవిరి 12 డిగ్రీల వేడిలోనే అంటుకోగలదు, అంటే మామూలు గది వేడిలో నిప్పురవ్వ చాలు. అడుగున చెత్త కనిపిస్తే సన్నటి గుడ్డలో వడకట్టాలి. తర్వాత సూది మూతి ఉన్న చిన్న సీసాలోకి కొంచెం మాత్రమే పోసుకుని, మిగతాది ఐరన్‌కు దూరంగా దాచుకోవాలి. నాళ్ళు గడిచేకొద్దీ ఆల్కహాల్ ఎగిరిపోయి చిక్కబడుతుంది, కొంచెం కలిపితే మామూలైపోతుంది. 100 మిల్లీలీటర్లలో 2000 చుక్కల పైనే వస్తాయి. ఒక జాయింట్‌కు ఒక్క చుక్క చాలు. ఇక ఖర్చు ఎంతో మీరే లెక్కేసుకోండి.

ఆల్కహాల్ విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. 99 శాతం ఉన్నదే కొనాలి. మందుల షాపులో గాయాలకు అమ్మే 70 శాతం రకంలో మిగతా 30 శాతం దాదాపు నీళ్ళే. రోజిన్ అందులో సరిగ్గా కరగదు, పాలలా తెల్లబడి గడ్డకడుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో గ్లిజరిన్, జిగురు, సెంటు ఉంటాయి. అది బోర్డు దగ్గరికే రాకూడదు. అసిటోన్, థిన్నర్ చవకే గానీ కొన్ని ప్లాస్టిక్కులను కరిగించేస్తాయి. స్విచ్ శుభ్రం చేద్దామని అసిటోన్ పోసి, మీట అతుక్కుపోయాక నా దగ్గరికి తెచ్చినవాళ్ళున్నారు.

వయొలిన్ కమాను మీద రుద్దే రోజిన్ కూడా పనికొస్తుందా అని అడుగుతుంటారు. పనికొస్తుంది, అదీ రోజినే. కానీ వాద్యం కోసం వేరే పదార్థాలు కలిపి ఉండొచ్చు, గ్రాముకు పెట్టే ఖర్చూ ఎక్కువ. సంగీతానికే వదిలేద్దాం. ఆస్పిరిన్ మాత్ర మీద ఐరన్ ఆనించి ఫ్లక్స్‌గా వాడే చిట్కా ఒకటి ఉంది. సోల్డర్ పట్టుకుంటుంది, అబద్ధం కాదు. కానీ ఆ పొగ ముక్కులో, గొంతులో మంట పుట్టిస్తుంది, మిగిలేదీ ఆమ్లమే. నిమ్మరసానికీ అదే జవాబు. బంగారు పనివాళ్ళ వెలిగారం కూడా తెచ్చి చూసినవాళ్ళున్నారు. అది కరగడానికే 700 డిగ్రీలు దాటాలి, ఆ వేడికి బోర్డు మసైపోతుంది.

రోజిన్ ద్రవంతో ఒక చిక్కు ఉంది. పల్చగా ఉంటుంది కనుక ఎక్కడ పడితే అక్కడికి పారుతుంది. స్విచ్‌లు, వాల్యూమ్ కంట్రోల్, ప్లగ్ సాకెట్ల లోపలికి పోయి, కాంటాక్టుల మీద గట్టిపడి కూర్చుంటే కరెంటు అందదు. అలాంటి చోట్ల చిక్కటి ఫ్లక్స్ కావాలి. హాట్ ఎయిర్‌తో, అంటే వేడి గాలి ఊది, ఐసీ దించేటప్పుడు కూడా పల్చటిది నిలవదు, గాలికి ఎగిరిపోతుంది. ఇక్కడే సిరంజిలో వచ్చే ట్యాకీ ఫ్లక్స్ ఉపయోగపడుతుంది. ఖరీదు ఎక్కువే, కానీ ఐసీ పనికి తప్ప వాడకపోతే ఒక్క సిరంజి చాలాకాలం వస్తుంది. రెండూ దగ్గర పెట్టుకుని, మామూలు పనికి రోజిన్, పెద్ద పనికి సిరంజి అని విడగొట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది. వైరు అతకడానికి కూడా సిరంజి పిండేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

సిరంజి కొనేటప్పుడు రెండు సంగతులు చూసుకోవాలి. మొదటిది నకిలీలు. పేరున్న రకాలకు అచ్చం అలాంటి లేబుల్‌తోనే నకిలీలు వస్తున్నాయి. లోపల ఏముందో అమ్మేవాడికే తెలియదు. నకిలీది అంటుకోవడం కూడా బాగానే అంటుకుంటుంది, వేడికి నల్లగా మాడి, నురగ కట్టి, ఘాటు పొగ వదులుతుంది. రెండోది నో-క్లీన్ అన్న మాట. తుడవక్కర్లేదు అని దాని అర్థమే గానీ, దానికో షరతుంది. ఫ్లక్స్ మొత్తానికి సరిపడా వేడి తగిలి, అందులోని చురుకైన పదార్థాలు ఖర్చైపోతేనే మిగిలినది నిరపాయకరం. ఫ్యాక్టరీలో బోర్డు మొత్తం ఓవెన్‌లోంచి వెళ్తుంది కనుక అది సాధ్యం. మనం చేత్తో ఒక మూల వేడి చేస్తాం. పక్కకు జారిన ఫ్లక్స్ పచ్చిగానే ఉండిపోతుంది. కాబట్టి చేత్తో పని చేసేవాళ్ళు నో-క్లీన్ అయినా తుడవాల్సిందే. అదీ సగం సగం తుడిస్తే తెల్లటి పొరలా తేలుతుంది, అసలు తుడవని దానికంటే అధ్వానం.

తుడవడంలో కూడా చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. బ్రష్ ఆల్కహాల్‌లో ముంచి రుద్దుతారు, ఆరనిస్తారు. రుద్దితే ఫ్లక్స్ కరుగుతుంది, ఆల్కహాల్ ఆరితే కరిగినదంతా బోర్డు మీదే పల్చగా పరుచుకుంటుంది. ముందు ఒకచోట ఉన్న మరక ఇప్పుడు అంతటా ఉంది. ఆల్కహాల్ ఇంకా తడిగా ఉండగానే దాన్ని పోగులు రాని గుడ్డతో అద్ది పీల్చేయాలి, లేదా బోర్డు వంచి శుభ్రమైన ఆల్కహాల్‌తో కడిగి కిందికి పారించాలి.

సిరంజి మీద, తీగ చుట్ట మీద చదవాల్సిన కోడ్ ఒకటి ఉంది. ఎలక్ట్రానిక్స్ తయారీకి ప్రమాణాలు రూపొందించే ఐపీసీ సంస్థ జె-స్టాండర్డ్-004 అనే ప్రమాణంలో ఫ్లక్స్‌లను నాలుగు అక్షరాల గుర్తులతో విభజించింది. మొదటి రెండు అక్షరాలు దేనితో చేశారో చెబుతాయి. ఆర్‌ఓ అంటే రోజిన్, ఆర్‌ఈ అంటే కృత్రిమ రెజిన్, ఓఆర్ అంటే సేంద్రియ ఆమ్లాలు, ఐఎన్ అంటే ఖనిజ లవణాలు, ఆమ్లాలు. మూడోది ఎంత ఘాటైనదో చెబుతుంది. ఎల్ తక్కువ, ఎం మధ్యస్థం, హెచ్ ఎక్కువ. చివర సున్నా ఉంటే క్లోరైడ్ లాంటి హాలైడ్‌లు 0.05 శాతం లోపు, ఒకటి ఉంటే అంతకు మించి. కాబట్టి ఆర్‌ఓఎల్0 (ROL0) అని కనిపిస్తే కళ్ళు మూసుకుని కొనొచ్చు. ఆర్‌ఓఎం1 అయితే పాత బోర్డులకు, నికెల్ పూతకు బాగుంటుంది, కానీ తుడవాలి. ఓఆర్‌తో మొదలై హెచ్ ఉన్నవి నీళ్ళతో తప్పక కడగాల్సినవి, రిపేర్ బల్ల మీద వద్దు. ఐఎన్ అని ఉంటే అది పైపులకూ, రేకులకూ, మనకు కాదు. పాతకాలపు లేబుళ్ళ మీద ఆర్, ఆర్‌ఎంఏ, ఆర్‌ఏ అని ఉంటుంది. అవి మూడూ రోజినే. ఘాటు వరుసగా పెరుగుతుంది, ఆర్‌ఎంఏ మధ్యలోది, మన పనికి అదే సరి.

నా అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది. పెద్ద డబ్బాల మీద ఈ కోడ్ ఉంటుంది. చిల్లరగా విడగొట్టి చిన్న డబ్బాల్లో నింపి అమ్మేవాటి మీద ఉండదు. నాణ్యమైనది, సూపర్ అని రంగురంగుల్లో రాస్తారు. అందులో క్లోరైడ్ ఉందో లేదో మాత్రం రాయరు. చిన్న ప్యాక్ కొనేవాడే కొత్తవాడు, వాడికే ఆ సమాచారం ఎక్కువ అవసరం. నాలుగు అక్షరాలు అచ్చేయడానికి సిరా ఏమంత ఖర్చవుతుంది?

కోడ్ లేని డబ్బా ఇప్పటికే మీ దగ్గర ఉంటే పారేయక్కర్లేదు, పరీక్షించుకోండి. పాత బోర్డు ముక్క మీద పక్కపక్కనే ఉన్న రెండు ట్రాకుల జతలు తీసుకుని శుభ్రం చేయండి. ఒక జత మీద ఆ ఫ్లక్స్ రాసి, మామూలుగా జాయింట్ వేసినట్టే వేడి చేసి, చల్లారనివ్వండి. మల్టీమీటర్‌ను మెగా ఓమ్‌ల రేంజ్‌లో పెట్టి రెండు ట్రాకుల మధ్య కొలవండి. తర్వాత దాని మీద నోటితో ఆవిరి ఊది మళ్ళీ కొలవండి. ఫ్లక్స్ తగలని రెండో జత మీద కూడా అలాగే ఊది పోల్చుకోండి. శుభ్రమైన జతలో ఏమీ కనిపించకుండా, ఫ్లక్స్ జతలో మాత్రం కిలో ఓమ్‌లు చూపిస్తే ఆ డబ్బా బోర్డులకు పనికిరాదు, బకెట్ పిడికో రేకుల పెట్టెకో వాడుకోండి.

ఇంకో పరీక్ష, బద్ధకస్తుల కోసం. గీకి మెరిసేలా చేసిన రాగి రేకు మీద ఫ్లక్స్ రాసి, వేడి చేసి, మూతపెట్టిన డబ్బాలో తడి గుడ్డ పక్కన వారం రోజులు వదిలేయండి. ఒక జాగ్రత్త: రోజిన్ కూడా రాగి మీద పచ్చరంగు తేలుస్తుంది. అబియెటిక్ ఆమ్లం రాగితో కలిసి ఏర్పడే ఆ పచ్చదనం హాని చేయదు, గాజులా పారదర్శకంగా ఉంటుంది. ఆల్కహాల్‌తో తుడిస్తే కింద రాగి నున్నగానే కనిపిస్తుంది. తినేసే ఫ్లక్స్ అయితే నీలి పచ్చ పొడిలా రాలుతుంది, కింద రాగి గుంటలు పడి ఉంటుంది. పచ్చగా కనిపించగానే రోజిన్‌ను నిందించేవాళ్ళతో నాకు చాలా వాదనలు జరిగాయి.

రోజిన్‌ను ఇంతగా మెచ్చుకున్నాను కనుక దాని చెడ్డగుణం కూడా చెప్పాలి. దాని పొగ. సోల్డరింగ్‌లో వచ్చే పొగ సీసం అనుకుంటారు, కాదు. ఐరన్ వేడికి సీసం ఆవిరయ్యేది లెక్కలోకి రానంత. సీసం ప్రమాదం చేతుల నుంచి నోటికి వెళ్ళడంలో ఉంది, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పొగంతా ఫ్లక్స్‌ది. రోజిన్ పొగను ఏళ్ళ తరబడి పీలిస్తే కొందరికి ఆస్తమా వస్తుందని వైద్యులకు బాగా తెలిసిన సంగతి. ఒకసారి పడకపోవడం మొదలైతే తర్వాత కొంచెం పొగకే ఆయాసం వస్తుంది. జాయింట్ మీదికి వంగి పని చేయొద్దు. చిన్న ఫ్యాన్ ఒకటి పొగను ముఖం నుంచి పక్కకు లాగేలా పెట్టుకుని కిటికీ తెరవండి. పాత కంప్యూటర్ ఫ్యాన్ చాలు. దాని గాలి జాయింట్ మీదికి నేరుగా ఊదకూడదు, జాయింట్ చల్లబడిపోతుంది.

మీ పత్రికకు నా మనవి ఒకటే. ఆ వ్యాసాన్ని దాచుకుని పని మొదలుపెట్టేవాళ్ళు ఉంటారు. వచ్చే ఆదివారం అదే పేజీలో, ఎలక్ట్రానిక్ బోర్డులకు రోజిన్ ఆధారిత ఫ్లక్స్ మాత్రమే వాడాలని, పైపుల పనికి అమ్మే పేస్ట్ వాడకూడదని రెండు లైన్లు వేయండి. వ్యాసంలో డబ్బా ఫొటో కూడా వేశారు కాబట్టి, ఆ ఫొటో మీద అడ్డగీత పెట్టి వేస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక రిపేర్ మెకానిక్

మరో మాట: సోల్డర్ పీల్చే రాగి జడ, అదే విక్, పాతబడి నల్లబడితే పనిచేయడం లేదని పారేస్తుంటారు. అది కొన్నప్పుడు అందులో ఉండే ఫ్లక్స్ ఆరిపోయి, రాగికి ఆక్సైడ్ పట్టడమే దాని జబ్బు. పైన చెప్పిన రోజిన్ ద్రవంలో వాడబోయే ముక్క వరకు ముంచి ఆరబెట్టండి, కొత్తదానిలా పీలుస్తుంది. మరీ నల్లగా మారిన చివర మాత్రం కత్తిరించేయండి.